రాణిగారి కాలం నాటి సంత

ఇంగ్లండును మొదటి ఎలిజబెత్ రాణి 1558 నుంచి 1603 వరకు పాలించింది. ఆ కాలపు సంత ఇప్పుడు అమెరికాలో చాలా చోట్ల జరుగుతుంది. దాన్ని రినైజాన్స్ ఫెయిర్ అంటారు. రినైజాన్స్ అంటే మనం పాఠంలో చదువుకునే సాంస్కృతిక పునరుజ్జీవనమే.

మొదటి సంత 1963లో లాస్ ఏంజెలెస్‌లో జరిగింది. ఫిలిస్ ప్యాటర్సన్ అనే టీచరు, ఆమె భర్త రాన్ కలిసి ఒక రేడియో స్టేషనుకు విరాళాల కోసం దీన్ని పెట్టారు. ఇన్నేళ్లయినా జనం ఎందుకు వస్తున్నారు? మ్యూజియంలో "ముట్టుకోరాదు" అని బోర్డు ఉంటుంది. ఇక్కడ అలా కాదు. కమ్మరి కొలిమి దగ్గర నిలబడి చూడొచ్చు, బాణం వేయొచ్చు, రాణి వేషం వేసినామెతో మాట్లాడొచ్చు. చూడటానికి వచ్చినవాళ్లు కూడా వేషం కట్టుకుని వస్తారు. ఆఫీసులో పనిచేసే మనిషి ఆ ఒక్కరోజు వీరుడైపోతాడు!

కానీ సంతలో సరదా భాగమే కనిపిస్తుంది. 1592–93లో లండన్‌లో ప్లేగు వచ్చి నాటకశాలలు మూసేశారు. ఆ దుఃఖం సంతలో ఉండదు. ఇంకో సంగతి మనకు సంబంధించినది. 1600 డిసెంబరు 31న ఈస్టిండియా కంపెనీకి అనుమతి పత్రం ఇచ్చింది ఈ రాణే. 1611లో ఆ కంపెనీవాళ్లు మన తెలుగు తీరంలో మచిలీపట్నానికి వచ్చి వర్తకస్థానం పెట్టారు. తర్వాత ఏం జరిగిందో మనందరికీ తెలుసు కదా.

అందుకని సంత వద్దని నేను అనను. చరిత్ర మీద ఇష్టం పుట్టడానికి అది మంచి దారి. అయితే ఇష్టం పుట్టాక మిగతా సగం కూడా చదవాలి.