కవాతు వాద్యబృందము – తల్లిదండ్రుల లెక్క

సంస్థ ఉత్సాహముతో పుట్టును, లెక్కతో నిలుచును. దీనికి దూరదేశపు నిదర్శన మొకటి గలదు.

మొదటి ప్రపంచయుద్ధానంతరము అమెరికాలో మాజీ సైనికుల సంఘములు తమ ఊళ్ల పిల్లలకు డప్పులు, బూరలు నేర్పి కవాతు వాద్యబృందములను నడపినవి. ఆ సంప్రదాయముననే 1957లో వయోమింగు రాష్ట్రమందలి కాస్పరు పట్టణమున జిమ్ జోన్సు 'ట్రూపర్స్' బృందమును స్థాపించెను.

ఇట్టి బృందమున బిడ్డ చేరినచో తల్లిదండ్రులకు రుసుము చెల్లించుటతో పని తీరదు. వేసవి యాత్రలో వెంట వెళ్లి వంట చేయుదురు, దుస్తులు కుట్టుదురు, విరాళములు పోగుచేయుదురు. ఖాతాపుస్తకము మాత్రము కొలదిమంది చేతనే యుండును. బస్సులకు, భోజనములకు అయిన వ్యయము రాబడిని మించినపుడు ఆ సంగతి కడపట తెలియునది వారికే.

ట్రూపర్స్‌కును ఆర్థికముగ, నిర్వహణలోను చిక్కులు దాపురించి, 2006లో పోటీలకు దూరము కావలసి వచ్చెను. ఇరువదిరెండేండ్లు దాటినవారికి ఈ బృందములలో చేరుటకు వీలులేదు గనుక, కొందరు బిడ్డలకు పోయిన ఆ వేసవి మరల రానిదే.

పూర్వసభ్యులు, అభిమానులు పూనుకొనగా 2007లో బృందము మరల కవాతు సాగించెను. 2009లో, 1986 తరువాత మొదటిసారిగ, తుదిపోటీకి చేరిన పండ్రెండు బృందములలో నిలిచెను.

ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమునకును ఇది పాఠమే. ఏటేట జమాఖర్చులను సభలో చదివి వినిపింతము. లెక్క అడిగిన చందాదారుని ఆప్తునిగ నెంచుదము.