మెర్సిడెస్-బెంజ్ మ్యూజియం: ఫ్యాక్టరీ గేటు దాటి జనంలోకి

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉన్న మెర్సిడెస్-బెంజ్ మ్యూజియం, ఆ కార్ల కంపెనీ తన చరిత్రను తానే చెప్పుకునే ప్రదర్శనశాల. ఇప్పుడున్న భవనం 2006 మే 19న ప్రారంభమైంది.

పాత చోటు

కంపెనీ తొలి మ్యూజియం 1936లో ఉంటర్‌టుర్క్‌హైమ్ ఫ్యాక్టరీలో వెలిసింది. 1961లో అదే ప్రాంగణంలో వేరే భవనం కట్టారు. అయితే అది పనిచేస్తున్న ఫ్యాక్టరీ. భద్రత దృష్ట్యా సందర్శకులను గేటు దగ్గర నుంచి బస్సులో లోపలికి తీసుకెళ్లేవారు. కొత్త భవనాన్ని గేటు బయట, హైవే పక్కనే కట్టడంతో ఎవరైనా నేరుగా లోపలికి వెళ్లే వీలు కలిగింది.

భవనం

ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన యూఎన్‌స్టూడియో తరఫున బెన్ వాన్ బెర్కెల్ దీన్ని రూపొందించారు. ఎత్తు 47.5 మీటర్లు, ప్రదర్శన స్థలం 16,500 చదరపు మీటర్లు. సందర్శకులు ముందు లిఫ్టులో పై అంతస్తుకు చేరి, మెల్లగా కిందికి నడిచి వస్తారు. డీఎన్‌ఏలా పెనవేసుకున్న రెండు దారుల్లో ఒకటి కాలక్రమంలో కథ చెబుతుంది. రెండోది బస్సులు, లారీలు, ప్రముఖులు వాడిన కార్లు వంటి అంశాల వారీగా సాగుతుంది. మధ్యలో ఒక దారి నుంచి మరో దారిలోకి మారవచ్చు. మొత్తం 160 వాహనాలున్నాయి.

చెప్పుకోవాల్సిన చరిత్ర

కార్ల్ బెంజ్ 1886లో పేటెంట్ పొందిన మూడు చక్రాల బండి, 1926లో బెంజ్, డైమ్లర్ కంపెనీల విలీనం గర్వంగా చెప్పుకునే ఘట్టాలు. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధఖైదీలతో, నిర్బంధ శిబిరాల్లోని వారితో పని చేయించుకున్నదీ ఇదే కంపెనీ. 1988లో అందుకు పరిహారంగా 2 కోట్ల మార్కులు ఇచ్చింది. కంపెనీ మ్యూజియం విలువను కార్ల మెరుపుతోనే కాదు, ఇలాంటి చరిత్రను ఎంత నిజాయితీగా చెబుతుందన్న దానితోనూ కొలవాలి.

మన సంగతి

బెంజ్ కథలో మనకూ వాటా ఉంది. 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతోనే టాటాలు జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టారు. ఉత్తరపాడాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. హైదరాబాద్‌లో 2010లో తెరుచుకున్న సుధా కార్ మ్యూజియం ఒక వ్యక్తి అభిరుచికి ఫలితం. ఫ్యాక్టరీ మూతపడితే యంత్రాలు తుక్కుకు వెళ్తాయి, కార్మికుల జ్ఞాపకాలు ఇళ్లకే పరిమితమవుతాయి. వాటిని భద్రపరిచే పని ఫ్యాక్టరీ నడుస్తుండగానే మొదలవ్వాలన్నది స్టుట్‌గార్ట్ నేర్పే పాఠం.