స్కానింగూ, తాడూ, మా అనంతపురం బోర్లూ

మా అనంతపురం వైపు బోరు వేయించాలంటే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగే మనిషిని పిలుస్తారు. కాయ నిలబడితే నీళ్ళున్నట్టు! నవ్వకండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. అప్పు తెచ్చి రాతికి బెజ్జం వేసేవాడు ఏదో ఒకదాన్ని నమ్ముకోవాలిగా.

మనిషి లోపల చూసే ఎమ్మారైతో నేల లోపల చూడలేమా? చూడొచ్చు. 1946లో బ్లాక్, పర్సెల్ బృందాలు విడివిడిగా ఒక సంగతి కనిపెట్టాయి. అయస్కాంత క్షేత్రంలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు తమకు సరిపడే రేడియో తరంగానికి బదులు పలుకుతాయి. నీళ్ళ నిండా హైడ్రోజనే కదా. 1973లో లాటర్‌బర్ దీంతోనే బొమ్మ తీసి చూపించాడు. 1980 ప్రాంతంలో సోవియట్ శాస్త్రవేత్తలు నేలమీద పెద్ద తీగచుట్ట పరిచి, భూమి అయస్కాంతాన్నే వాడుకుని, అడుగున ఉన్న నీటిని పలికించారు.

అయితే ఆ సంకేతం నీరెంతుందో చెబుతుంది, రంధ్రాలు ఎంతెంతున్నాయో కొంత చెబుతుంది. ఒత్తిడి మాత్రం నేరుగా చెప్పదు. ప్రయోగశాలలో దానికీ ఓ ఉపాయం ఉంది. ద్రవంలో సూక్ష్మమైన గాలిబుడగలు కలుపుతారు. ఒత్తిడి పెరిగితే బుడగ కుంచించుకుపోతుంది, సంకేతం మారుతుంది. చేనికింద గ్రానైటు పగుళ్ళలో బుడగలు ఎవడు కలుపుతాడు చెప్పండి?

ఒత్తిడి ఎందుకంటారా? నీరు ఎటు కదలాలో తేల్చేది అదే. ఇసుక గుండా నీళ్ళు పంపి ఆ లెక్క 1856లోనే చెప్పాడు ఫ్రాన్సు ఇంజినీరు డార్సీ. నేను మోటారు వేస్తే నా బోరు దగ్గర ఒత్తిడి తగ్గుతుంది, పక్కచేని నీళ్ళు ఇటు జారతాయి. పగుళ్ళకి గట్లూ పట్టాలూ తెలీవు.

తమాషా ఏంటంటే, దీన్ని కొలవడానికి ఓ తాడు చాలు. బావిలో నీటిమట్టం 10 మీటర్లు పడిపోయిందంటే అడుగున ఒత్తిడి దాదాపు ఒక అట్మాస్ఫియర్ తగ్గినట్టే. 2003లో మొదలైన ఏపీఫామ్స్ అనే రైతుల భూగర్భజల ప్రాజెక్టు చేసింది ఇదే. అనంతపురంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, నీటిమట్టం కొలిచారు, ఊళ్ళో గోడమీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని నీళ్ళ లెక్క వేసుకున్నారు. వరి పెట్టొద్దని ఎవరూ ఎవరినీ శాసించలేదు. 2010లో ప్రపంచ బ్యాంకు మెచ్చుకుంది. తర్వాత వచ్చిన పరిశీలనలు మాత్రం అంత ఉత్సాహం చూపలేదు, ఫలితం ఎంత నిలిచిందని అడిగాయి.

అడగాల్సిందే. నా మటుకు నాకు అనిపించేది, యంత్రం ఎంత గొప్పదైనా దాని అంకె ఆఫీసు ఫైల్లో ఉంటే పక్కపక్క చేలవాళ్ళు పోటీపడి ఇంకా లోతుకే పోతారు. అదే అంకె రచ్చబండ పక్క గోడమీదుంటే కనీసం పోట్లాడుకోవడానికైనా ఓ ఆధారం ఉంటుంది. ప్రతిదానికీ డాష్‌బోర్డు కట్టే ఉద్యోగాలు మనవి. మీ ఊరి బావిలో నీళ్ళు ఇవాళ ఎన్ని మీటర్ల లోతున ఉన్నాయో మీలో ఎందరికి తెలుసు?