గవర్నరు నివేదిక – రాష్ట్రపతి నిర్ణయం: తిరుత్తణి చూచిన చరిత్ర

మనం ఓటు వేసి ఎన్నుకున్న శాసనసభ గడువు తీరకుండానే రద్దయి, పాలన ఢిల్లీ చేతికి వెళ్ళటం మన పెద్దలు పలుమార్లు చూచారు. ఇటువంటి నిర్ణయాలకు సాధారణంగా ఆధారమయ్యేది గవర్నరు రాష్ట్రపతికి పంపే నివేదిక. తిరుత్తణి తాలూకా ఆంధ్రలో ఉన్నప్పుడూ, మద్రాసు రాష్ట్రంలో చేరిన తర్వాతా ఈ నివేదికల ఫలితం మన గ్రామాలపై పడింది. అందుచేత వీటి తీరుతెన్నులు తెలుసుకోవటం అవసరం.

రాజ్యాంగంలో ఏమున్నది?

రాష్ట్రంలో రాజ్యాంగబద్ధంగా పాలన సాగే అవకాశం లేదని రాష్ట్రపతి భావించినప్పుడు 356వ అధికరణం క్రింద ప్రకటన చేయవచ్చును. గవర్నరు నివేదిక ద్వారా గాని, మరొక విధంగా గాని ఆ అభిప్రాయానికి రావచ్చునని అధికరణం చెబుతున్నది. అయితే రాష్ట్రపతి కేంద్ర మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి. ప్రకటనకు రెండు నెలలలోగా పార్లమెంటు ఉభయసభల ఆమోదం లభించాలి. ఆమోదం ఒక్కొక్కసారి ఆరు నెలలకు వర్తిస్తుంది. మొత్తం మీద మూడేళ్ళకు మించరాదు.

1954: ఆంధ్ర రాష్ట్రంలో

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. మద్యనిషేధ విధానంపై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. అప్పటి గవర్నరు చందూలాల్ త్రివేది, రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్. నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955లో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాదిన్నర కూడా నిండని శాసనసభ స్థానంలో మనవారు మళ్ళీ ఓటు వేయవలసి వచ్చింది.

ఇద్దరు తెలుగువారి నడుమ

పటాస్కర్ సూచనల ననుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళింది. రెండేళ్ళ తర్వాత, 1962 మేలో, తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయ్యారు. అప్పుడు కేరళ గవర్నరుగా ఉన్నవారు వరాహగిరి వెంకటగిరి. ఆయన స్వస్థలమైన బరంపురం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరింది. ఇరువురి ఊళ్ళూ సరిహద్దు మార్పులతో పొరుగు రాష్ట్రాలకు చేరినవే.

1964 సెప్టెంబరులో కేరళలో ఆర్. శంకర్ మంత్రివర్గం అవిశ్వాస తీర్మానంలో ఓడగా, గిరి నివేదిక మీద ఆ నెల 10న రాష్ట్రపతి పాలన విధించారు. 1965 మార్చి ఎన్నికలలో 133 స్థానాలలో ఎవరికీ ఆధిక్యం రాలేదు. పెద్ద పక్షమైన మార్క్సిస్టు పార్టీకి 40 మాత్రమే దక్కాయి. ప్రభుత్వం ఏర్పడే మార్గం లేదని గవర్నరు తెలుపగా, ఒక్కరోజైనా సమావేశం కాకుండానే ఆ సభ రద్దయింది. ప్రజలు వేసిన ఓట్లకు ఫలితం లేకపోయింది. తిరిగి ఎన్నికలు జరిగింది 1967లోనే.

1991: వ్రాయని నివేదిక

తమిళనాడులో 1976, 1980, 1988, 1991 సంవత్సరాలలో రాష్ట్రపతి పాలన వచ్చింది. వీటిలో 1991 నాటిది ప్రత్యేకమైనది. కరుణానిధి ప్రభుత్వానికి శాసనసభలో ఆధిక్యం ఉన్నది. దానిని తొలగించటానికి అనుకూలంగా నివేదిక పంపేందుకు గవర్నరు సుర్జీత్ సింగ్ బర్నాలా అంగీకరించలేదు. చంద్రశేఖర్ ప్రభుత్వ సలహాపై రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ "మరొక విధంగా" అన్న మాటను ఆధారం చేసుకుని జనవరి 30న ప్రకటన చేశారు. బర్నాలాను బీహారుకు బదిలీ చేయగా ఆయన పదవికి రాజీనామా చేశారు. గవర్నరు నిరాకరించినా ప్రభుత్వం నిలువలేదని ఈ ఉదంతం తెలిపింది.

బొమ్మై తీర్పు తర్వాత

1994 మార్చి 11న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం బొమ్మై కేసులో హద్దులు నిర్ణయించింది. ఆధిక్యం తేలవలసినది రాజభవనంలో కాదు, శాసనసభలో. ప్రకటనకు ఆధారమైన సమాచారాన్ని న్యాయస్థానం పరిశీలించవచ్చును. పార్లమెంటు ఆమోదించే వరకు శాసనసభను రద్దు చేయరాదు. ప్రకటన చెల్లదని తేలితే తొలగించిన ప్రభుత్వాన్ని న్యాయస్థానం పునరుద్ధరించవచ్చును.

సరిహద్దు కుటుంబాలకు ఇది రెండువైపుల చరిత్ర. 1973లోను, 2014లోను నగరి, పుత్తూరులలోని మన బంధువులు రాష్ట్రపతి పాలన చూచారు. అప్పుడు ఇటువైపు అది లేదు. 1976లో తిరుత్తణి చూచింది, నగరి చూడలేదు. మధ్యనున్నది కొద్దిపాటి దూరమే అయినా, ఎవరి గవర్నరు ఏమి వ్రాశారన్న దానిని బట్టి పాలన మారింది. కనుక ఇకమీద ఎక్కడైనా "గవర్నరు నివేదిక పంపారు" అన్న వార్త వచ్చినప్పుడు ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది: శాసనసభలో బలనిరూపణ జరిగినదా, లేదా?