హైడ్రోజన్ వర్ణపటం: తెలుగునేల మీద చరిత్ర

హైడ్రోజన్ వాయువు వెలిగినప్పుడు వచ్చే కాంతిని పట్టకం గుండా పంపితే ఇంద్రధనుస్సులా పరచుకోదు. ఎరుపు, నీలి ఆకుపచ్చ, నీలం, ఊదా రంగుల్లో విడివిడి గీతలుగా పడుతుంది. ఇదే హైడ్రోజన్ వర్ణపటం. పరమాణువులో ఎలక్ట్రాన్ ఏయే శక్తిస్థాయిల్లో ఉండగలదో బయటపెట్టింది ఈ గీతలే. వీటి చరిత్రలో గుంటూరుకు పెద్ద చోటే ఉంది.

1868 ఆగస్టు 18 ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కోస్తా మీదుగా సాగింది. మచిలీపట్నంలో మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్, గుంటూరులో మేజర్ టెన్నెంట్ బృందం, అదే ఊళ్లో ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ మీద ఖగోళవేత్త పియేర్ జాన్సెన్ కాచుకుని ఉన్నారు. మామూలు సూర్యకాంతిలో హైడ్రోజన్ గీతలు నల్లగా ఉంటాయి. లోపలి నుంచి వచ్చే కాంతిలో ఆ రంగులను పై పొరల్లోని హైడ్రోజన్ పీల్చేసుకోవడమే కారణం. బింబం చంద్రుడి చాటుకు పోగానే అంచున ఎగసిన జ్వాలల వైపు జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్ తిప్పాడు. అవే గీతలు ఈసారి మెరుస్తూ కనిపించాయి. ఎరుపులో 'సి', నీలి ఆకుపచ్చలో 'ఎఫ్' అని పిలిచే గీతలు ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఆ జ్వాలల్లో మండుతున్నట్టు కనబడేది ప్రధానంగా హైడ్రోజనేనని తేలింది. గీతల ధగధగ చూసి, గ్రహణం లేకున్నా ఇవి దొరుకుతాయని ఆయనకు తట్టింది. మర్నాడే స్పెక్ట్రోస్కోప్ చీలికను బింబం అంచున నిలిపి, పట్టపగలు వాటిని చూశాడు. కాకినాడ నుంచి ఆయన పంపిన ఉత్తరం, లండన్‌లో విడిగా ఇదే ఉపాయం కనిపెట్టిన ఖగోళవేత్త లాకియర్ ఉత్తరం పారిస్ అకాడమీ ముందుకు ఒకే రోజు వచ్చాయి.

గుంటూరు అనగానే మనవాళ్లు హీలియం పేరెత్తుతారు. ఆనాడు పసుపు గీత కనిపించిన మాట నిజమే. అది కొత్త మూలకానిదన్న వాదన లాకియర్‌ది, తర్వాతి కథ. ఆ రోజు గుంటూరులో తిరుగులేకుండా రుజువైంది హైడ్రోజనే.

ఆ గీతలు అక్కడే ఎందుకు పడతాయన్నది మాత్రం ఎవరికీ తెలియలేదు. 1885లో బాసెల్ బడిపంతులు బామర్ వాటి తరంగదైర్ఘ్యాలను ఒక్క సూత్రంలో ఇమిడ్చాడు, కారణం చెప్పకుండానే. కారణం 1913లో నీల్స్ బోర్ చెప్పాడు. ఎలక్ట్రాన్ శక్తి మెట్ల మీదే నిలుస్తుంది, నడిమధ్యన నిలవదు. మొదటి మెట్టు −13.6 ఎలక్ట్రాన్ వోల్టులు, రెండోది −3.4, మూడోది −1.51. మూడు నుంచి రెండుకు దిగితే తేడా 1.89, అది 656.3 నానోమీటర్ల ఎర్రని కాంతిగా బయటపడుతుంది. నాలుగు నుంచి రెండుకు దిగితే 486.1 నానోమీటర్లు. జాన్సెన్ చూసిన సి, ఎఫ్ గీతలు ఇవే.

తర్వాత తెలుగునేల మీదే వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం కె. రంగధామరావు చేతుల మీదుగా వర్ణపట పరిశోధనకు కేంద్రమైంది. రంగారెడ్డి జిల్లాలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్–రంగాపూర్ వేధశాల ఉంది. అక్కడ 48 అంగుళాల దూరదర్శినిని 1960ల చివర నెలకొల్పారు. 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం మరో సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఆ వేధశాల మీదుగానే సాగింది. జనం తలుపులు బిగించుకుని ఇళ్లలో ఉండిపోతే, శాస్త్రవేత్తల బృందాలు జాపాల్‌లో పరికరాలు పరిచి కూర్చున్నాయి.