పాచికల మీద పుట్టిన పౌరులు

మనిషి పుట్టగానే బ్రహ్మదేవుడు నుదుట రాత రాసేస్తాడని మనవాళ్ల నమ్మకం. ఎన్ని కోట్ల నుదుళ్లున్నా ఆయనకి విసుగులేదు. ఏ పెద్ద కంపెనీ అండా లేకుండా, ఇంట్లో కూర్చుని వీడియో గేములు తయారుచేసే ఒకరిద్దరు మనుషులకి అంత ఓపిక ఎక్కణ్ణించి వస్తుంది? ఆటలో ఓ పట్నం కావాలి. పట్నమన్నాక వెయ్యిమందైనా వుండాలి. ఒక్కొక్కరికీ పేరూ, మొహమూ, వృత్తీ రాస్తూ కూర్చుంటే జీవితం చాలదు. అందుకని ఆ రాత పని కంప్యూటరుకి అప్పగించి, పాచికలు వెయ్యమన్నారు.

1984లో ఇయాన్ బెల్, డేవిడ్ బ్రేబెన్ అనే కేంబ్రిడ్జి విద్యార్థులు 'ఎలీట్' అనే ఆట చేశారు. వాళ్ల కంప్యూటరు మెమరీ 32 కిలోబైట్లు. ఇవాళ సెల్‌ఫోనుతో తీసే ఒక్క ఫోటోకి కూడా అది చాలదు. అందులోనే 8 నక్షత్రమండలాలు, ఒక్కోదాంట్లో 256 గ్రహాలు ఇమిడ్చారు. ఎలాగంటారా? గ్రహాల్ని దాచలేదు, కొన్ని అంకెల్లోంచి గ్రహాల్ని పుట్టించే సూత్రాన్ని దాచారు. గ్రహవాసుల వర్ణనలూ అలాగే పుట్టేవి: ఒకచోట బొచ్చు పిల్లులు, ఇంకోచోట జిగురు కప్పలు. సరదాగానే వుంది గాని, ఆ కప్పగారితో మనకి పరిచయం మాత్రం కాదు.

మరుసటి ఏడు ఆక్టివిజన్ కంపెనీ 'లిటిల్ కంప్యూటర్ పీపుల్' అనే ఆట అమ్మింది. తెరమీద ఓ మేడ, అందులో ఓ చిన్న మనిషి, అతనికో కుక్క. మీ డిస్కులో మనిషీ, పక్కింటివారి డిస్కులో మనిషీ ఒకరు కారు. పేరు వేరు, స్వభావం వేరు. తిండీ నీళ్లూ మీరే చూడాలి. పాపం, ఉత్తరాలు కూడా రాసేవాడు. క్యాసెట్టు మీద వచ్చినవాడికి మాత్రం జ్ఞాపకమనేది లేదు!

అసలు చిక్కంతా ఇక్కడే వుంది. మనిషికి పది లక్షణాలు, ఒక్కో లక్షణానికి పది రకాలు పెట్టి పాచికలు వేస్తే వెయ్యి కోట్లమంది తయారవుతారు. భూమ్మీద ఇవాళ అంత జనమే లేరు. అయినా చూసేవాడికి అందరూ ఒకేలా కనిపిస్తారు. కారణం, వాళ్లు ఒకరికొకరు ఏమీ కారు. ముందు పడ్డ పందెం తర్వాతి పందేన్ని కట్టడి చెయ్యాలి. రాత్రి కాపలావాడని పడితే పగలు నిద్రపోవాలి. భార్య పగలు దుకాణంలో పనిచేస్తుంటే ఇద్దరూ కలుసుకునేది సందెవేళే. అప్పుడుగాని అది కాపరం అనిపించదు.

ఈ సంగతిని గట్టిగా పట్టుకున్నది అమెరికాలోని టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు. 2002లో మొదలుపెట్టి, 2006లో 'డ్వార్ఫ్ ఫోర్ట్రెస్' అనే ఆటని ఉచితంగా వదిలారు. అందులో ముందు కొండలూ నదులూ పుడతాయి. పిమ్మట ఎన్నో ఏళ్ల చరిత్ర జరిగిపోతుంది. ఆ చరిత్రలోంచి మరుగుజ్జులు మీ కోటకి వలస వస్తారు, తమ చుట్టాలతో, ఇష్టాలతో, మరిచిపోలేని దుఃఖాలతో.

2015లో ఆ ఆటలో పానశాలలు చేర్చాక పిల్లులు చావడం మొదలైంది. వాటికెవరూ తాగించలేదు. నేలమీద ఒలికిన సారాలో నడిచొచ్చి పాదాలు నాక్కునేవి. ఒక్క నాకుడుకి నిండు గ్లాసు తాగినట్టు లెక్కపడేది! లెక్క తప్పే. కాని నేలా, సారా, పిల్లిపాదం ఒకదాన్నొకటి ఎరిగిన వూళ్లోనే ఇలాంటి తప్పు జరుగుతుంది.

2024లో పూర్తిరూపం దాల్చిన 'షాడోస్ ఆఫ్ డౌట్' అనే అపరాధ పరిశోధన ఆటలో పట్నమంతా పాచికల పుట్టుకే. ప్రతి పౌరుడికీ ఇల్లు, వేలిముద్రలు వున్నాయి. హంతకుడు వాళ్లలోనే ఒకడు. ఎవరు ఎవరికేమవుతారో కూపీ లాగకపోతే దొరకడు.

ఆ అన్నదమ్ముల మాట చెప్పి ముగిస్తాను. ఏళ్ల తరబడి వాళ్లు ఆటగాళ్లు పంపే విరాళాల మీదే బతికారు. వయసు పైబడుతూ, వైద్యపు ఖర్చుల భయం పట్టుకున్నాక, 2022 డిసెంబరులో ఆటకి బొమ్మలు చేర్చి మొదటిసారి వెలకట్టి అమ్మారు. పాత ఉచిత రూపాన్నీ ఆపలేదు. అయినా లక్షలమంది డబ్బిచ్చి కొనుక్కున్నారు. వాళ్ల బెంగ తీరింది. నుదుటిరాత రాసినవాళ్లని, రాయించుకున్న మరుగుజ్జులే ఆదుకున్నారు.