నడుమునందలి రెండవ తుపాకి

జింకవేటలో మొదటి దెబ్బతోనే అంతయు ముగియునని చెప్పుటకు వీలులేదు. రైఫిల్ గుండు తగిలి కూలిన జింకను సమీపించునప్పటికి అది ఇంకను కొట్టుకొనుచుండవచ్చును. లేచి పొదలలో దూరి, గంటల తరబడి బాధపడి చావనూవచ్చును. ఆ బాధను త్వరగా తీర్చుటకే అమెరికా వేటగాండ్రు కొందరు నడుమున రివాల్వర్ కట్టుకొని అడవికి పోవుదురు.

మన దేశమున ఇట్టి రెండవ ఆయుధమునకు వేరొక చరిత్ర కలదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఏనుగునెక్కి పులివేటకు వెడలిన తెల్లదొరలు, గాయపడిన పులి అంబారీ మీదికి లంఘించినచో కాల్చుటకు రెండు గొట్టముల పెద్ద పిస్తోలు దగ్గర ఉంచుకొనువారు. అది వేటగాని ప్రాణము కొరకు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దాని 1991 సవరణ వచ్చిన పిమ్మట ఇక్కడ జింకను కొట్టుట నేరము. అమెరికాలో మాత్రము ఆ వేట చట్టబద్ధముగనే సాగుచున్నది. రివాల్వర్‌లో ఏ తూటా పెట్టవలెనను వాదమును సాగుచునే యున్నది.

గుండు శరీరములో లోతునకు పోవలెను. పోయి వెడల్పు కావలెను. ఈ రెండింటికి పొత్తు కుదురుట కష్టము. వెడల్పగు గుండ్లకు లోకమున పేరు తెచ్చినది కలకత్తా చెంతనున్న దమ్‌దమ్ ఆయుధాగారము. 1890ల చివర అక్కడ తయారైన రైఫిల్ గుండు మొన మెత్తని సీసము; తగిలినంతనే అది విచ్చుకొనెడిది. 1899లో హేగ్ నగరమున రాజ్యములు కూడి, తమలో తాము చేయు యుద్ధములలో అట్టి గుండ్లు కూడదని ప్రకటించినవి. చిత్రమేమనగా, మనుష్యులకు క్రూరమని త్రోసిన ఆ గుణమునే జింకల యెడ దయగా ఎంచి, అమెరికాలోని పలు రాష్ట్రములు వేటరైఫిళ్లకు విచ్చుకొను గుండ్లనే విధించినవి.

అయితే రైఫిల్‌కు చెల్లిన న్యాయము రివాల్వర్‌కు చెల్లదు. 1935లో వచ్చిన .357 మాగ్నమ్, 158 గ్రెయిన్ల గుండును, అనగా సుమారు పది గ్రాములను, సెకనుకు 1,500 అడుగుల వేగముతో పంపునని చాటిరి. జింకవేటలో వాడుకైన .30-30 రైఫిల్ 170 గ్రెయిన్ల గుండును 2,200 అడుగుల వేగముతో పంపును. వేగము తక్కువైన గుండు త్వరగా విచ్చుకొన్నచో దాని బలము పైపైననే వ్యయమై, మర్మస్థానము చేరకుండును. డగ్లస్ వెసన్ .357తో పెద్ద మృగములను కొట్టి చూపెను. అందు పరీక్ష ఎంతయో, ప్రకటన అంతయని నా అభిప్రాయము.

ఐడహో పశుపాలకుడు ఎల్మర్ కీత్ (1899–1984) వేరొక దారి త్రొక్కెను. సీసమునకు గట్టిదనము చేర్చి, మొన బల్లపరుపుగా, భుజము పదునుగా గుండు పోయించెను. అది విచ్చుకొనదు, చక్కని రంధ్రము కోయుచు లోతునకు పోవును. అతడు .44 స్పెషల్ తూటాలో మందు దట్టించి చేసిన ప్రయోగములే 1955–56లో 240 గ్రెయిన్ల .44 మాగ్నమ్‌కు దారితీసినవి.

ఇక్కడ ఒక చిన్న ఏర్పాటు గమనింపదగినది. మాగ్నమ్ తూటాల గొట్టమును పాత స్పెషల్ తూటాలకంటె అంగుళములో ఎనిమిదవ వంతు పొడుగు చేసిరి. బలహీనమైన పాత తుపాకులలో అవి పట్టరాదని వారి ఉద్దేశము. కాని పాత తూటాలు క్రొత్త తుపాకిలో చక్కగా పట్టును. కావున .357 ధరించినవాడు .38 స్పెషల్‌ను కూడ వాడుకొనగలడు. నాలుగడుగుల దూరమున పడియున్న జింకకు బల్లపరుపు మొనగల ఆ సీసపు గుండే చాలును; చెవులు గింగురుమనిపించు మాగ్నమ్ మ్రోత అక్కరలేదు, చేయి అదరుటయు తక్కువ. లేచి పరుగెత్తగల జంతువు కొరకే మాగ్నమ్ అవసరము.